బఠానీల బంద్

మా అత్తమ్మ కొమురమ్మ నాకు వంట నేర్పింది రెండంటే రెండు పూటల్లో. అదీ తన వంటింటి గడప బయట కూర్చొని, ఒక్క గిన్నెను కూడా చేత్తో ముట్టకుండా. ఎందుకు ముట్టలేదో చెప్పాలంటే రెండు వేల తొమ్మిది డిసెంబరు దగ్గరికి పోవాలి. ఆ రోజులను మా ఇంట్లో ఇప్పటికీ బఠానీల బంద్ అనే అంటారు. ఊళ్ళో అందరికీ అది తెలంగాణ బంద్. మాకు మాత్రం ఇంకొకటి కూడా.

అప్పటికి నా పెళ్ళయి నాలుగు నెలలు. నాది సిరిసిల్ల. మేము పద్మశాలీలం. నాన్నను బాపు, అమ్మను అవ్వ అంటాం. మా బాపు మల్లయ్య వయసులో ఉన్నప్పుడు నూలుకు రంగులు వేసేవాడు, ఆ పని మూతపడ్డాక పవర్‌లూమ్‌ల మీదికి వచ్చాడు. నేను జగిత్యాలలో మేనత్త ఇంట్లో ఉండి డిగ్రీ చదువుతుంటే సంజీవ్ పరిచయమయ్యాడు. అతనిది కోరుట్ల. మోటార్ వైండింగ్ షాపులో పని. ఎస్సీ కాలనీలో, చర్చికి రెండిళ్ళ అవతల వాళ్ళ ఇల్లు. మామయ్య దావీదు మార్కెట్‌లో హమాలీ. ఆగస్టులో జగిత్యాల రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకాలు పెట్టాం. మా వైపు నుంచి ఒక్కరూ రాలేదు. మా అవ్వ శంకరవ్వ "దాని పేరు ఈ ఇంట్ల ఎత్తొద్దు" అన్నదట. బాపు ఏమీ అనలేదట. తిట్టినా బాగుండేది, ఏమీ అనకపోవడమే నన్ను ఎక్కువ కోసింది.

డిసెంబరు ఇరవై మూడున, పొద్దు వాలుతుండగా, నేను చేతిపంపు దగ్గర బట్టలు పిండుతున్నాను. వాకిట్లో ఎవరో నిలబడ్డట్టనిపించి తలెత్తితే బాపు. భుజం మీద తువ్వాల, చేతిలో ప్లాస్టిక్ కవరు. ఎడమ చెంప కొంచెం వాచి ఉంది.

"నీ సర్టిఫికెట్లు," అన్నాడు కవరు చాపి. "ఇంట్లుంటె ఎలుకలు కొరుకుతయట. ఏడు గంటల బస్సుకు పోత."

అత్తమ్మ ఇంట్లోంచి కుర్చీ తెచ్చి అరుగు మీద వేసింది. "కూసోండ్రి అన్నా" అన్నది. బాపు "ఉండనియ్యి" అని నిలబడే ఉన్నాడు. మంచినీళ్ళు తెమ్మంటారా అని అత్తమ్మ అడగలేదు. అడిగితే వద్దంటాడని ఆమెకు తెలుసు. వద్దంటే ఎదురుగా నేనుంటాను.

"దవుడకేమైంది బాపూ?"

"పండ్లు పీకిచ్చుకున్న. నాలుగు." అంతే. ఎట్లున్నవని ఆయన అడగలేదు, అవ్వ ఎట్లున్నదని నేను అడగలేదు. కవరు నా చేతిలో పెట్టి బస్టాండుకు బయల్దేరాడు.

ఆయన వీధి మలుపు తిరిగాక అత్తమ్మ నా పక్కకు వచ్చి నిలబడింది. "కాయితాలు పోస్టుల ఏస్తే రావా బిడ్డా?" అని మెల్లగా అన్నది. అప్పుడు ఏడ్చాను.

ఆ సాయంత్రమే ఢిల్లీ మాట మారింది. రెండు వారాల కింద తెలంగాణ ఇస్తున్నామన్నవాళ్ళు, అందరితో మాట్లాడి చూద్దామన్నారు. టీవీలో ఆ మాట రావడం, ఊరు రోడ్డు మీదికి రావడం ఒక్కసారే జరిగాయి. బాపు బస్టాండు నుంచి తిరిగొచ్చాడు, ఒంటరిగా కాదు. పక్కన మా మామయ్య ఉన్నాడు. అక్కడ బెంచీ మీద దిగాలుగా కూర్చున్న మనిషిని ఎట్లా గుర్తుపట్టాడో తెలియదు, పెళ్ళి ఫోటోల్లో కూడా బాపు లేడు మరి.

"బస్సులన్ని డిపోల పెట్టిండ్రు," అన్నాడు మామయ్య నాతో. తర్వాత బాపు వైపు తిరిగి, "రోడ్డు మీద టైర్లు కాలవెడ్తుండ్రు బావా. ఒక్క చక్రం కదలది. మా అరుగున్నది, దుప్పటున్నది. ఈ రాత్రి ఎట్లన్న ఎల్లదియ్యి."

బాపు తను తెచ్చుకున్న బన్ను నీళ్ళలో నానబెట్టి తిన్నాడు. ఆ నీళ్ళూ తన సీసాలోవే. అరుగు మీదే పడుకున్నాడు.

తెల్లారి నేను నెమ్మదిగా అడిగాను, "చంద్రమౌళి మామ ఇక్కడనే బట్టల దుకాణం పెట్టుకున్నడు కద బాపూ, వాళ్ళింటికి పోతవా?"

చంద్రమౌళి మాకు దూరపు చుట్టం, సిరిసిల్లలో మా వాడకట్టు మనిషే. బాపు చాలాసేపు తువ్వాల అంచు సరిచేసుకున్నాడు.

"పోతె, ఎవలింటికి వచ్చినవని అడుగుతడు," అన్నాడు.



పది గంటలకు మామయ్య రెండు బస్తాలు రిక్షా బండి మీద వేసుకొని వచ్చాడు. మహారాష్ట్ర వైపు నుంచి పచ్చి బఠానీల లారీ ఒకటి రాత్రి నుంచి రాస్తారోకోలో ఇరుక్కుందట. టార్పాలిన్ కింద కాయ వేడెక్కిపోతుంటే డ్రైవరు ఏడుపు ముఖం పెట్టి, కుళ్ళి రోడ్డు పాలయ్యేకంటే తినేవాళ్ళు తినండని సరుకు దీక్ష టెంటు ముందు దింపేశాడు. ఊళ్ళో కూరగాయల అంగడి లేదు. ఏ షాపూ తీయలేదు. మా వాడ మొత్తానికి ఆ ఐదు రోజులు బఠానీయే కూర. మాకు ఇంకొకటి కూడా ఉంది. చేతిపంపు నీళ్ళు పారే చోట అత్తమ్మ పెంచిన పుదీన, మోకాలెత్తు లేచి, అటు అడుగు వేస్తే వాసన కొట్టేది.

బస్తా అరుగు మీద కుమ్మరించాం. అత్తమ్మ, నేను, పక్కింటి సాయవ్వ చుట్టూ కూర్చొని ఒలుస్తున్నాం. బాపు ఆ మూలన కుర్చీలో కూర్చొని మమ్మల్ని చూడనట్టే చూస్తున్నాడు. నేతపని చేసిన చేతులు ఊరికే ఉండలేవు. కాసేపటికి కుర్చీ దిగాడు. దూరంగానే కూర్చొని, కాయల కుప్పలోంచి ఒక దోసెడు తన వైపు లాక్కున్నాడు. బొటనవేలితో ఒక్క నొక్కు, గింజలు గిన్నెలో టపటపా రాలేవి. మేము ముగ్గురం ఒలిచింది ఒక ఎత్తు, ఆయన ఒక్కడు ఒలిచింది ఒక ఎత్తు. సాయవ్వ నోరు తెరిచి ఏదో అనబోతే అత్తమ్మ కళ్ళతోనే ఆపింది.

తర్వాత నన్ను పెరట్లోకి పిలిచింది.

"మీ బాపు నా చేతిది తినడు," అన్నది. ఆ మాటలో కోపం లేదు, బాధ కూడా పైకి కనబడలేదు. "నీ చేతిదైతే తింటడు. నువ్వు వండు."

"నాకు రాదు కదత్తమ్మా." నిజంగానే రాదు. సిరిసిల్లలో నేను నూలు కండెలు చుట్టాను, పుస్తకాలు చదివాను. పొయ్యి అవ్వది.

"నేను బయట కూసోని చెప్త. నువ్వు చెయ్యి. గిన్నెలు కడుగు, నీళ్ళు నువ్వే తోడు. నేను గడప దాటి రాను."

సంజీవ్ తలుపు దగ్గరే ఉన్నాడు. విన్నాడు. అతని ముఖం నల్లబడింది.

"మన ఇంట్ల మనమే బయట కూసోవాల్నా అమ్మా? బయట రోడ్డు మీదనేమో ఆత్మగౌరవమని లొల్లి చేస్తున్నం."

"మెల్లగ అను. వాకిట్ల మనిషి నిన్నటి సంది పస్తున్నడు, పండ్లు లేని నోటితోని. ముందు ఆయన కడుపు సంగతి చూడనియ్యి. నీ కోపం ఏడికి పోతది, రేపు కూడ ఉంటది."

సంజీవ్ చెప్పులేసుకొని టెంటుకు వెళ్ళిపోయాడు. నాతో కూడా మాట్లాడలేదు. అతనిది తప్పని నేను ఆ రోజూ అనుకోలేదు, ఈ రోజూ అనుకోను.

అత్తమ్మ గడప అవతల పీట వేసుకొని కూర్చుంది. ఇరవై రెండేళ్ళు ఒక మిషన్ ఆసుపత్రి వంటింట్లో పనిచేసిన మనిషి. ఏ పదార్థం ఎంత ఉడికిందో చప్పుడు విని చెప్పగలదు.

"పొట్టు పారెయ్యకు. లేత కాయల పొట్టు కడిగి నీళ్ళల్ల ఏసి మరగనియ్యి. పుదీన కాడలు గూడ అండ్లనే వెయ్యి. ఆకు మాత్రం పక్కకు పెట్టు. ఆకు పొయ్యి మీద ఉడకద్దు."

పొట్టు మరిగి నీళ్ళు లేతాకు రంగుకు తిరిగాయి. వడగట్టాను. మళ్ళీ పొయ్యి మీద పెట్టి గింజలు వేశాను. అలవాటుగా మూత చేతిలోకి తీసుకున్నాను.

"మూత పెట్టకు!" అన్నది అత్తమ్మ. నా వైపు చూడకుండానే. "మూతేస్తె పచ్చది పాడైతది. గింజ మీద చిన్న ముడత పడ్డదా? పడ్డదంటె తియ్యి."

నేను జల్లిగరిటెతో గింజలు తీసి పళ్ళెంలో వేస్తున్నాను. అప్పుడు అరుగు మీద నుంచి బాపు గొంతు వినిపించింది.

"చల్లనీళ్ళల్ల ఎయ్యి. లేకుంటె రంగు దిగుతది."

ఇద్దరం అటు చూశాం. బాపు కాయ ఒలుస్తూనే ఉన్నాడు, తల ఎత్తలేదు. "నూలు గూడ గంతే," అన్నాడు కాయతో చెప్పినట్టు. "వేడి మీద ఉంచితె రంగు నిలువది."

అత్తమ్మ తల ఊపింది. "అన్న చెప్పినట్టు చెయ్యి బిడ్డా. మా ఆసుపత్రి నర్సమ్మ గూడ గట్లనే చెప్పేది, నేను మరిచిన."

ఆమె మరిచిపోలేదు. ఆమె చెప్పబోయిన తర్వాతి మాటే అదని నాకు తరువాతి రోజుల్లో తెలిసింది.

గింజల్లో సగం తర్వాతి పూటకు విడిగా ఉంచి, సగం పుదీన ఆకుతో, రెండు పచ్చిమిరపకాయలతో, ఎల్లిపాయతో రోట్లో నూరాను. చిన్న గిన్నెలో నూనె, జీలకర్ర, ఉల్లిగడ్డ. పొట్టు నీళ్ళు పోసి, మరిగాక దించి, నూరిన ముద్ద అప్పుడు కలిపాను. చివరన చారెడు పాలు, చిటికెడు చక్కెర. నిమ్మకాయ పళ్ళెంలో వడ్డించాకే పిండాలట, ముందే పిండితే పచ్చదనం పోతుందట. ఆసుపత్రిలో దీన్ని నమలలేని రోగుల కోసం చేసేవాళ్ళు. విదేశీ నర్సమ్మ దాన్ని సాస్ అనేదట. వాళ్ళ దేశంలో మాంసం పక్కన ఒక గరిటెడు పోసుకుంటారట. మా అత్తమ్మ దానికి ఎల్లిపాయ, పచ్చిమిర్చి చేర్చి అన్నంలోకి దించింది.

మెత్తగా ఉడికిన అన్నం మీద ఆ పచ్చటి చారు పోసి బాపు ముందు పెట్టాను. ఆయన పళ్ళెం వైపు, నా వైపు, గడప దగ్గర పీట వైపు చూశాడు. అత్తమ్మ లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది, ఆయన తినేది తను చూస్తున్నట్టు ఉండకూడదని.

బాపు మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమలవలసిన పని లేదు. రెండో ముద్ద. మూడోది. పళ్ళెం ఖాళీ చేసి వేళ్ళు నాకాడు. మా ఇంట్లో ఆయన వేళ్ళు నాకడం నేను పండుగలప్పుడే చూశాను.

"ఇంకింత పెట్టు," అన్నాడు.

మధ్యాహ్నం దాటాక బఠానీ గుడాలు చేయమన్నది అత్తమ్మ. ఉడకబెట్టిన గింజల్లో పోపు వేసి పుదీన సన్నగా తరిగి చల్లాలి, అంతే. ఆ అంతేలో నేను ఉప్పు రెండు సార్లు వేశాను. బాపు రెండు గింజలు నోట్లో వేసుకొని చిగుళ్ళతో నలిపి, గిన్నె పక్కకు జరిపాడు. గడప దగ్గర అత్తమ్మ, గడప లోపల నేను, అరుగు మీద ఆయన. ఆయనే గొంతు సవరించుకున్నాడు.

"ఆ చెప్పేటామెనే వండుమనరాదు బిడ్డా? నడుమల నువ్వెందుకు?"

అత్తమ్మ వైపు చూశాను. పరుగెత్తుకొచ్చి పొయ్యి అంటిస్తుందనుకున్నాను. ఆమె పీట మీద నుంచి కదలలేదు. కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఇయ్యాల కాదు," అన్నది. "నాకు చర్చి ఊడ్సేదున్నది, రేపు పండుగ. రేపు ఆరాధన అయినంక వండుత. గప్పటిదాక అన్నను ఓపిక పట్టుమను."

బాపు ఆ మాట విని చిన్నగా దగ్గాడు. నవ్వు ఆపుకోవడానికి ఆయన అట్లాగే దగ్గుతాడని నాకు తెలుసు.

క్రిస్మస్ రోజు కోరుట్లలో కోడి దొరకలేదు, మేక దొరకలేదు. చర్చి నుంచి వచ్చి అత్తమ్మ కొత్త చీర కుచ్చిళ్ళు ఎగజెక్కి పెద్ద గిన్నె పొయ్యి మీద పెట్టింది. బగారా అన్నం. సాజీర, లవంగం, దాల్చిన పట్టా వేగాక, గుప్పెడు పుదీన మాత్రం నూనెలో వేయించింది, వాసన అన్నానికి పట్టడానికి. గింజలు పడ్డాయి, బియ్యం పడ్డాయి. దించాక మళ్ళీ పచ్చి ఆకు చల్లింది. పక్కకు బఠానీ, పుదీన, చింతపండు వేసి నూరిన తొక్కు. మెత్తటి చారు బాపుకు వేరే గిన్నెలో.

ఆయనకు ఆమే వడ్డించింది. మా మామయ్య పక్కనే కూర్చున్నాడు. సంజీవ్ పళ్ళెం తీసుకొని ఇంకో గదిలోకి వెళ్ళాడు.

"గీ ఆకు మాంసంలనే వేస్తరనుకున్న," అన్నాడు బాపు, అత్తమ్మ కాళ్ళ వైపు చూస్తూ. మొదటి రోజు 'ఉండనియ్యి' తర్వాత ఆమెతో నేరుగా అన్న మొదటి మాట అది.

"నేను గూడ గంతే అనుకున్న అన్నా. మా నర్సమ్మకు వాళ్ళూరు యాదికొస్తె గిదే వండుమనేది. తింటుంటె కండ్లల్ల నీళ్ళు తిరిగేవి. నేను కారమైందేమో అనుకొని మిరపకాయ తగ్గిచ్చేదాన్ని."

బాపు నవ్వాడు. దాచుకోకుండా, పళ్ళు లేని దవడ కనిపించేట్టు. తొక్కు నాలుక మీద పెట్టుకొని, "కమ్మగున్నది," అన్నాడు.

నాలుగో రోజు రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. నిజామాబాద్ పోయే రోడ్డు మీద అర కిలోమీటరు పొడుగునా పొయ్యిలే. కులసంఘాలవాళ్ళు, ఉద్యోగులు, వాడవాడల ఆడవాళ్ళు ఎవరి గిన్నె వాళ్ళు తెచ్చుకొని వండుతున్నారు. డప్పులు, పాటలు, పొగ. మా కాలనీ తరఫున అత్తమ్మ రెండో బస్తా బఠానీలన్నీ వండింది. ఆలుగడ్డ తోడు వేసిన ముద్దకూర, దింపాక పుదీన. మామయ్య వెంట బాపు కూడా వచ్చాడు. ఇంట్లో కూర్చొని ఏం చేయాలి అన్నాడు.

మైకులో ఒకాయన, ఇక్కడ కులం లేదు, మతం లేదు, మనమందరం ఒక్కటే అంటున్నాడు. జనం చప్పట్లు కొడుతున్నారు. విస్తర్లు పట్టుకొని వరసగా వస్తున్నారు. మా పొయ్యికి అటూ ఇటూ ఉన్న గిన్నెలు అడుగంటుతున్నాయి. మా గిన్నె దగ్గరికి మా కాలనీ వాళ్ళు, లారీ డ్రైవరు, ఇద్దరు పోలీసులు వచ్చారు. మిగతావాళ్ళు వాసనకు ఆగి, గిన్నె వెనుక ఎవరున్నారో చూసి, పక్కకు పోతున్నారు. ఎవరూ ఏమీ అనలేదు. మర్యాదగానే పోతున్నారు. అత్తమ్మ గరిటె పట్టుకొని నిలబడే ఉంది. అంచుల మీద ఎండిపోతున్న కూరను మాటిమాటికీ కలుపుతోంది. సంజీవ్ దూరంగా చేతులు కట్టుకొని ఇదంతా చూస్తున్నాడు. బాపు కూడా చూస్తున్నాడు.

అప్పుడే చంద్రమౌళి మామ వచ్చాడు. తెల్ల చొక్కా, మెడలో గులాబీ కండువా.

"మల్లయ్యా! నువ్వు గీడున్నవేందే? ఎప్పుడొచ్చినవు? ఎవలింట్ల దిగినవు?"

ఆ మూడో ప్రశ్నకు భయపడే బాపు నాలుగు రోజులు అరుగు మీద పడుకున్నాడు. నేను తల దించుకున్నాను. నాకు బాపు కాళ్ళు మాత్రమే కనబడుతున్నాయి. అవి కదిలాయి. మా పొయ్యి దగ్గరికి వచ్చాయి.

బాపు కట్టలోంచి ఒక విస్తరి లాగాడు. అత్తమ్మ ముందు చాపాడు. ఆమె రెండు గరిటెల కూర, అన్నం వేసింది. అది తీసుకుపోయి చంద్రమౌళి మామ చేతుల్లో పెట్టాడు.

"బిడ్డ ఇంట్ల దిగిన," అన్నాడు. "మా ఇయ్యపురాలు వండింది. నాలెక్క పండ్లు లేనోడు గూడ తినొచ్చు, తిను."

చంద్రమౌళి మామ విస్తరి వైపు చూశాడు. చుట్టూ చూశాడు. పక్కన పది మంది ఉన్నారు, పైన మైకు ఉంది. ఆయన నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఇంకొక ముద్ద పెట్టుకున్నాడు. రెండో ముద్ద మొహమాటానికి కాదని చెప్పగలను, ఎందుకంటే దానికి ముందు గింజలు ఏరుకున్నాడు. తర్వాత బాపు తనకూ ఒక విస్తరి వేయించుకొని, ఆయన పక్కనే రోడ్డు మీద బాసింపట్టు వేసుకొని కూర్చున్నాడు. చంద్రమౌళి మామ కూర్చుంటే బట్టల దుకాణాలవాళ్ళు కూర్చున్నారు. అందరూ వచ్చారని చెప్పను. రానివాళ్ళు రాలేదు. కానీ మూడు గంటలకల్లా గిన్నె ఖాళీ అయింది.

సంజీవ్ ఒక గ్లాసు నీళ్ళు తెచ్చి బాపు ముందు పట్టాడు. "నీళ్ళు, మామా," అన్నాడు. బాపు గ్లాసు అందుకొని ఎత్తి పట్టి గటగటా తాగేశాడు. సీసా ఆ రోజు ఇంట్లోనే మరిచి వచ్చాడు.

ఆరో రోజు పొద్దున బస్సులు తిరిగాయి. బాపు వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు నా తల మీద చెయ్యి పెట్టి, "సర్టిఫికెట్లు జాగ్రత్త," అన్నాడు.

తర్వాత నాలుగు వారాలు ఏ కబురూ లేదు. మళ్ళీ బంద్‌లు, మళ్ళీ టెంట్లు. నేను రోజూ ఫోన్ వైపు చూసేదాన్ని. జనవరి చివరన ఒక మధ్యాహ్నం మోగింది.

"నేను," అన్నది అవతల గొంతు. అవ్వ. పెళ్ళయ్యాక ఆ గొంతు వినడం అదే మొదలు. "మీ బాపు దినాం పుదీన, పుదీన అని నా పానం తీస్తుండు. నేనేది చేసినా గట్ల లేదంటడు. మీ అత్తను తోలుకొని రా. నువ్వు చేస్తె మంచిగుండదట, మీ బాపే చెప్పిండు."

నేను నవ్వాలో ఏడవాలో తెలియక ఊ కొట్టాను. విషయం చెప్పగానే అత్తమ్మ మొదట సంతోషపడలేదు. మంచం మీద కూర్చొని కాసేపు ఆలోచించింది.

"మీ వాడకట్టోళ్ళు మీ అవ్వను ఏమన్న అంటరేమో బిడ్డా. ఆమె తట్టుకుంటదా?"

"ఆమెనే రమ్మన్నది కదత్తమ్మా."

"రమ్మనుడు వేరు." అయినా తెల్లారి క్రిస్మస్ చీరే కట్టుకుంది. పుదీన కట్ట తడిగుడ్డలో చుట్టుకుంది. జగిత్యాలకు ఒక బస్సు, అక్కణ్ణుంచి ఇంకొకటి. దారంతా నా చెయ్యి పట్టుకొనే ఉంది.

సిరిసిల్లలో మా వీధి మొదట్లోనే మగ్గాల చప్పుడు చెవుల్లో పడ్డది. అవ్వ వాకిట్లో నిలబడి ఉంది. సన్నబడింది. నా వైపు చూసి చూపు మరల్చుకుంది. "రాండ్రి," అన్నది ఇద్దరినీ కలిపి. స్టీలు గ్లాసులో అత్తమ్మకు నీళ్ళిచ్చింది. ఎదురింటి బాలమణి గేటు పట్టుకొని చూస్తోంది. ఆమె వెనుక ఇంకో ఇద్దరు.

వాకిట్లో ఒక మూలన మూడు రాళ్ళు పెట్టి ఉన్నాయి. పక్కన కట్టెలు, కడిగిన గిన్నె, ఒలిచిన బఠానీలు. నేను ఆ పొయ్యి చూసి అవ్వ వైపు తిరిగాను. ఇంట్లో గ్యాస్ స్టవ్ ఉంది. దాన్ని కొన్నప్పుడు పసుపు కుంకుమ పెట్టింది నేనే.

"అవ్వా, లోపల..." అనబోయాను. అత్తమ్మ నా చెయ్యి గట్టిగా నొక్కింది.

"ఆరుబయట వండితె రుచి ఎక్కువుంటది," అని అత్తమ్మే పీట లాక్కొని రాళ్ళ ముందు కూర్చుంది. కట్టెలు అంటించింది. పొట్టు నీళ్ళు పెట్టింది. ఆమె ముఖంలో ఏ తేడా లేదు. నాకు మాత్రం కళ్ళు మండుతున్నాయి, పొగ నా వైపు రాకున్నా.

బాపు పనికి పోయి ఇంకా రాలేదు. అవ్వ గుమ్మంలో నిలబడి అత్తమ్మ చేతులనే చూస్తోంది. ఆ చేతులు ఎంత తీరుగా పని చేస్తాయో చూడాల్సిందే. ఆకు తుంచడం, ఉల్లిగడ్డ తరగడం, నీళ్ళ చుక్క కింద పడకుండా వడగట్టడం. మధ్యలో అత్తమ్మ మెడ మీది చెమట తుడుచుకుంది. బాలమణి గేటు దాటి రెండడుగులు ముందుకొచ్చి, అవ్వను చూస్తూ సన్నగా నవ్వింది. మంచి పని చేసినవు, బయటనే పెట్టినవు అన్నట్టున్న నవ్వు.

ఆ నవ్వు అవ్వ చూసింది. గుమ్మం దిగింది. పొయ్యి దగ్గరికి వచ్చి, వీధంతా వినిపించేట్టు అన్నది:

"గాలికి మంట నిలుస్తలేదు. లోపల గ్యాసున్నది. లోపలికి రా వదినె."

అత్తమ్మ పొయ్యి వైపు చూసింది. మంట నిటారుగా లేస్తోంది. దండెం మీది చీర కొంగు కూడా కదలడం లేదు.

"అవునొదినె," అన్నది అత్తమ్మ, గిన్నె ఎత్తుకొని లేస్తూ. "మస్తు గాలున్నది."